గాజులో ఉప్పు మడులు

మాది శాశ్వత పత్రాల సంచాలకుల కార్యాలయం. నేనందులో సూపరింటెండెంటుని. పేరు చిట్టూరి వామనరావు, సర్వీసు ఇరవై ఏడేళ్ళు. చెదలు తిన్నవీ, వానకు నానినవీ, ఎక్కడ పెట్టామో మేమే మరిచిపోయినవీ తీసేస్తే మా దగ్గర పత్రాలన్నీ భద్రంగానే ఉన్నాయి. పోయినవాటి గురించి ఎవరైనా అర్జీ పెడితే "వెతుకుచున్నాము" అని జవాబు రాసేవాళ్ళం. అందులో అబద్ధమేమీ లేదు. పన్నెండేళ్ళుగా వెతుకుతున్న కట్టలు కూడా ఉన్నాయి మా దగ్గర.

ఇలా సాఫీగా నడుస్తున్న కార్యాలయానికి, మా డైరెక్టరు గజేంద్రనాథ్ గారు ఒక విజ్ఞాన ప్రదర్శన చూసి రావడంతో కష్టకాలం మొదలైంది.

ఆ ప్రదర్శనలో ఆయన చూసింది గాజు. మర్నాడే గాజు పరిశోధన కేంద్రం నుంచి డాక్టర్ పసుమర్తి మృణాళిని గారిని పిలిపించారు. నలభై ఏళ్ళావిడ. చేతిసంచీలోంచి బిస్కెట్టంత గాజు బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది. అద్దం ముక్కలా ఉంది. అటు తిప్పి చూశాం, ఇటు తిప్పి చూశాం. లోపల ఏమీ లేదు.

"కర్టెన్లు వేయండి" అందావిడ.

వేశాను. ఆవిడ ఊదారంగు వెలుతురు టార్చి ఒకటి తీసి గాజు మీదికి వేసింది. గాజు కడుపులో పచ్చగా, మిణుగురు పురుగుల్లా చుక్కలు వెలిగాయి. చుక్కలు కలిసి అక్షరాలయ్యాయి. అక్షరాలు కలిసి మా కార్యాలయం పేరయ్యాయి. నా ఒళ్ళు జలదరించింది. మా కార్యాలయం పేరు చూస్తే నాకెప్పుడూ అలా కాలేదు.

"లేజరు కిరణాన్ని గాజు లోపల ఒక్క బిందువు మీదికి పంపుతాం సార్" అని చెప్పిందావిడ. "సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే, అందులో ఒక ముక్క కంటే కూడా తక్కువ సేపు. ఆ బిందువు దగ్గర గాజులోని పదార్థాలే చేరి చిన్న స్ఫటికాలవుతాయి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు కూడా ఉండవు. పైన ఒక్క గీత పడదు. రాత అంతా లోపలే. నీళ్ళు తగలవు, చెద పట్టదు."

"ఎన్నాళ్ళుంటుంది?"

"మేం చేసిన పరీక్షల్ని బట్టి వేల ఏళ్ళు ఉండొచ్చని అంచనా. అంచనా మాత్రమే సార్. వివరాలన్నీ ఈ నివేదికలో రాశాను" అని అరవై పేజీల పుస్తకం ఇచ్చింది.

డైరెక్టరు గారు నివేదికను రెండు చేతులా అందుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు. పత్రికలకు మాత్రం "ఆచంద్రతారార్కం" అని రాయించారు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. చిత్తు ప్రతి నేనే రాశాను. "కాగితపు మూలముల నుండి నకళ్ళు జారీ చేయుట తక్షణమే నిలిపివేయడమైనది. ఇకపై సదరు పత్రమును గాజులో లిఖింపజేసి, అట్టి గాజు మూలము నుండి మాత్రమే నకలు ఇవ్వబడును. గాజులో లిఖించిన ప్రతి పత్రమునందును ధ్రువీకరించు అధికారి సంతకము సైతము గాజులోనే ఉండవలెను."

ఆ ఆఖరి వాక్యం మీద డైరెక్టరు గారు ఎంతో ముచ్చటపడ్డారు. అది మమ్మల్ని ఎక్కడికి తీసుకుపోతుందో అప్పటికి ఎవరికీ తెలీదు.

గాజు పత్రాలకని కట్టిన భాండాగారానికి ప్రారంభోత్సవం ఘనంగా చేశాం. మొదటి గాజు ఆ సందర్భంగానే రాయించాం. కర్టెన్లు వేసి టార్చి వెలిగించగానే సభంతా చప్పట్లు. ముందు వరసలో కూర్చున్న విశ్రాంత తెలుగు మాస్టారొకరు మాత్రం కళ్ళజోడు సరిచేసుకుని, "నాయనా, 'ప్రారంబోత్సవం' అని పడింది. ఒత్తు ఏదీ?" అన్నారు.

చూశాం. నిజమే. "భాండాగార ప్రారంబోత్సవం, అక్టోబరు 12" అని పచ్చగా వెలుగుతోంది.

డైరెక్టరు గారు గోటితో గీకి చూశారు. తర్వాత నేనూ గీకాను. రాత లోపలుంది, గోరు బయటుంది.

సవరణగా రెండో గాజు రాయించాం. "మొదటి గాజులో 'బ' అని ఉన్నచోట 'భ' అని చదువుకోగలరు." దాన్ని భాండాగారంలో పెట్టాక మా న్యాయ సలహాదారు నందివాడ సోమయాజులు గారు చూశారు. ఆయన ఏదైనా పని పూర్తయ్యాకే చూస్తారు. "వామనరావు గారూ, దీని ప్రకారం అక్టోబరు 'అక్టోభరు' అవుతుంది కదా?" అన్నారు. రెండో గాజును మొదటి గాజులోని ఒక్క మాటకే పరిమితం చేస్తూ మూడో గాజు రాయించాం. దాన్ని మేం నలుగురం పదకొండుసార్లు చదివాం. అందులో తప్పు లేదు. కానీ ఆ రోజు నుంచి మా కార్యాలయంలో గాజును చూస్తే అందరికీ కాస్త వణుకు పుట్టేది.

నవంబరులో సూరాడ నీలమ్మ వచ్చింది.

అరవై దాటిన మనిషి. ఎండకు మాడిన ముఖం, ఉప్పుకు తెల్లగా పొరలు లేచిన కాళ్ళు. సముద్రం ఒడ్డున కొయ్యదిబ్బ అనే ఊరు. అక్కడ డెబ్బై రెండు కుటుంబాలు ఉప్పు మడులు చేసుకుని బతుకుతాయి. ఈమధ్య జరిగిన సర్వేలో ఎవరో ఆ నేలంతా బంజరని రాసేశారు. బంజరైతే రొయ్యల చెరువులకు ఇచ్చెయ్యొచ్చు. ఏ మడి ఎవరిదో గుర్తులేసిన 1934 నాటి పటం ఒక్కటే వాళ్ళకు ఆధారం. అది మా దగ్గరుంది. ఆగస్టులో జరిగే విచారణలో దాని నకలు చూపించాలి.

"మా మడులు కాగితం గావాల బాబూ. ఆగస్టునెల యిచారణంట. ముందుగాల ఒచ్చీసినాను, మీకు తొందర పడనీకుండా" అంది.

మా దగ్గరకు తొమ్మిది నెలల ముందు వచ్చిన అర్జీదారు ఆవిడే మొదటిది. పటం ఎక్కడుందో నాకు తెలుసు, అదే ఆశ్చర్యం. తీసి చూపించాను. ఎండుటాకులా ఉంది. మడత పెట్టినచోటల్లా చిట్లింది. మడులన్నీ గళ్ళ దుప్పటిలా ఉన్నాయి, ఒక్కో గడిలో ఒక్కో పేరు. పక్కనే ప్రతి మడికీ సరిహద్దులు రాసిన జాబితా. నీలమ్మ చదువుకోలేదు. అయినా ఒక గడి మీద వేలు పెట్టకుండా, కొంచెం పైన గాలిలో ఆపి, "ఇదిగో, ఇది మాయమ్మమ్మది" అంది.

"అవునండీ. సూరాడ పోలమ్మ" అన్నాను చదివి.

పాత పద్ధతిలో అయితే మూడు వారాల్లో నకలు ఇచ్చేవాణ్ణి. కొత్త ఉత్తర్వు ప్రకారం ముందు పటం గాజులోకి ఎక్కాలి. మృణాళిని గారు ఒక్క రోజులో రాసిస్తానన్నారు. మిగిలింది ధ్రువీకరణ సంతకం ఒక్కటే; కాగితం మీద చేస్తే దాన్నే గాజులోకి ఎక్కిస్తారు. ఫైలు డైరెక్టరు గారికి పంపాను.

ఆయన కలం తీశారు. మూత తీశారు. మళ్ళీ పెట్టారు. "సోమయాజులు గారి అభిప్రాయం తీసుకుందాం" అన్నారు.

సోమయాజులు గారి అభిప్రాయం పది రోజుల్లో వచ్చింది. "కాగితముపై సంతకము చేసిన అధికారి బాధ్యత సాధారణముగా ఆ కాగితముతోనే ముగియును. గాజులోని సంతకము ముగియదు. కావున ఇట్టి సంతకము చేసిన అధికారి పదవీ విరమణానంతరమే గాక, మరణానంతరము, ఆ పిమ్మట సుమారు పదివేల సంవత్సరముల పర్యంతము సంజాయిషీకి బాధ్యుడగును."

డైరెక్టరు గారు దాన్ని రెండుసార్లు చదివి మంచినీళ్ళు తాగారు. "పదివేల ఏళ్ళ తర్వాత ఎవడో మెమో ఇస్తే జవాబెవడిస్తాడయ్యా వామనరావూ?"

"వారసులండీ" అన్నాను. ఓదార్పుగానే అన్నాను. ఆయన ముఖం ఇంకా పాలిపోయింది.

సంతకం కోసం ఫైలును కింది అధికారులకు పంపారు. ఒకాయనకు నడుంనొప్పి వచ్చింది. ఇంకొకాయన తన సంతకం ఏడాదికో రకంగా మారుతుంటుందనీ, శాశ్వతత్వానికి పనికిరాదనీ నిజాయితీగా రాసిచ్చాడు. చివరికి అది నా బల్ల మీదికే వచ్చింది. నేనేమీ వీరుణ్ణి కాదు. "సూపరింటెండెంటు స్థాయి శాశ్వతత్వమునకు చాలదు" అని రాసి పైకి పంపాను.

జనవరిలో కమిటీ వేశారు. గాజులో ఎటువంటి సంగతులు రాస్తే అధికారులకు ఇబ్బంది రాదో తేల్చడం దాని పని. కమిటీ మొదటి సమావేశంలోనే ఒక సూత్రం దొరికింది: పదివేల ఏళ్ళ తర్వాత కూడా నిజంగా ఉండే సంగతులే గాజులోకి ఎక్కాలి. ఇది వినడానికి ఎంత బాగుందంటే, ఎవరూ కాదనలేకపోయారు.

రెండో సమావేశంలో కొయ్యదిబ్బ పటం చర్చకు వచ్చింది. "తూర్పు సరిహద్దు: సముద్రము" అని ఉంది. సముద్రం అక్కడే ఉంటుందని కమిటీ ఎలా హామీ ఇస్తుంది? భూగర్భ శాఖకు రాశాం. సముద్రాలు జరుగుతాయని వాళ్ళు ఆరు పేజీలు రాశారు. "పశ్చిమ సరిహద్దు: ఊరు." ఊరి సంగతి చెప్పేదేముంది? "కమతదారు: సూరాడ పోలమ్మ." పోయి యాభై ఏళ్ళయింది. చనిపోయిన మనిషి పేరు గాజులో రాస్తే, గాజు ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఉన్నట్టే కదా అని సోమయాజులు గారు అనుమానపడ్డారు.

మార్చి నాటికి కమిటీ గాజుకు పనికివచ్చే సంగతి ఒక్కటే తేల్చింది: "సూర్యుడు తూర్పున ఉదయించును." అది కూడా ఖగోళ శాఖ జవాబు వచ్చేదాకా ఆపారు.

నీలమ్మ నెలకోసారి వచ్చేది. పొద్దున్న రైలు దిగి నేరుగా మా వరండాలోకి వచ్చి కూర్చునేది. "పరిశీలనలో ఉంది" అనేవాణ్ణి.

"కమిటీ అంటే ఏటి బాబూ సేస్తారు?" అని అడిగింది ఒకసారి.

"కూర్చుని ఆలోచిస్తారమ్మా."

"నానూ అదే సేస్తన్నాను" అంది.

జూలైలో వానలు పట్టాయి. ఒక పొద్దున్న బీరువా తెరిస్తే పటం వాయవ్య మూల తేమకు ఉబ్బి ఉంది. ఆరబెడదామని మెల్లగా ఎత్తాను. నా వేళ్ళ మధ్యే పొడైపోయింది. పదకొండు మడులు, జాబితాలో వాటి వరసలతో సహా. ఒకటి రెండు అక్షరాలు బల్ల మీద మిగిలాయి. అవి ఏ పేరువో తెలీదు. ఇరవై ఏడేళ్ళలో ఎన్నో కాగితాలు పోవడం చూశాను, ఎప్పుడూ అన్నం తినడం మానలేదు. ఆ రోజు డబ్బా తెరవలేదు.

ఆ వారమే నీలమ్మ వచ్చింది. చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ వాన వైపు చూస్తూ పదకొండు పేర్లూ ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. "మైలపల్లి అప్పన్న, పక్కన కోరాడ లచ్చమ్మ, దానెనక బడే రాముడు..." గట్టు గట్టూ నడిచి చూస్తున్నట్టు చెప్పింది. నేను రాసుకున్నాను, ఎందుకు రాసుకుంటున్నానో తెలీకుండానే.

ఆ రోజే కమిటీ మృణాళిని గారిని పిలిచింది. గాజులోని రాతను ఎవరూ, ఎన్నటికీ, ఏ విధంగానూ మార్చలేరని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలట. లోపలికి పిలిచేదాకా ఆగమంటే ఆవిడ విసుగ్గా వరండాలోకి వచ్చి, మా పక్కనే బెంచీ మీద కూర్చుంది. తొమ్మిది నెలల్లో ఆవిడ మిషను రాసింది మూడు గాజులు, అందులో రెండు సవరణలు.

నీలమ్మ ఆవిడ వైపు తిరిగింది. "గాజులో రాసీది నువ్వేనా పాపా?"

"నేనేనమ్మా."

"మరి తప్పు పడితే తుడిసీదానికి ఏటీ నేదా?"

మృణాళిని గారు నవ్వింది. "ఎందుకు లేదమ్మా? మూడు నాలుగు వందల డిగ్రీల కొలిమిలో కాసేపు పెడితే ఆ స్ఫటికాలన్నీ కరిగి గాజులో కలిసిపోతాయి. చుక్క కూడా కనపడదు. మళ్ళీ లేజరు పెట్టి మళ్ళీ రాసుకోవచ్చు."

నా చేతిలో కలం కింద పడింది. "మేడమ్, ఈ సంగతి ముందు చెప్పలేదేమండీ?"

"నివేదికలో పదిహేడో పేజీ. మీరెవరూ అడగలేదు కదా. మా శాస్త్రవేత్తలకి అదే అన్నిటికంటే గొప్ప విషయం" అంది.

కమిటీకి ఏ సంగతైనా నోటితో చెబితే ఎక్కదని నాకు తెలుసు. అక్కడే మోకాలి మీద ఫైలు పెట్టుకుని రాశాను. "పై విషయమై సమర్పించునది ఏమనగా, గాజులోని రాత సవరణకును, రద్దుకును వీలు కలదని నిపుణుల వలన తెలియవచ్చినది. నివేదిక పేజీ 17 చూడగలరు." ఫైలు పట్టుకుని, మృణాళిని గారిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళాను.

డైరెక్టరు గారు చదివారు. తలెత్తారు. "చెరిగిపోతుందా?" అన్నారు.

"వేడి చేస్తే చెరిగిపోతుంది సార్."

"పూర్తిగా?"

"పూర్తిగా."

సోమయాజులు గారు కుర్చీలోంచి లేచి ఆవిడకు నమస్కారం పెట్టారు. ఎవరో టీ తెప్పించమన్నారు. తొమ్మిది నెలలుగా ఆ గదిలో ఉన్న బిగుతంతా ఒక్కసారి వదిలింది. "అలా చెప్పండి మరి. మేం అనవసరంగా దీన్ని శాశ్వతం అనుకున్నాం" అన్నారు డైరెక్టరు గారు. టీ వచ్చేలోపు ధ్రువీకరణ కాగితం మీద సంతకం పడింది. నడుంనొప్పి ఆయన కూడా కౌంటర్ సంతకం చేస్తానన్నాడు.

ఇదే సమయమని నేను పదకొండు మడుల సంగతి ఎత్తాను. మూల పొడైపోయిందనీ, పేర్లు నీలమ్మ నోటితో చెప్పిందనీ అన్నాను. "రాసెయ్యండి. తప్పైతే కొలిమిలో పడేద్దాం" అన్నారు డైరెక్టరు గారు ఉత్సాహంగా. కాగితం మీద కళ్ళెదురుగా ఉన్నదాన్ని ఎనిమిది నెలలు నమ్మని మనిషి, ఒక ముసలావిడ జ్ఞాపకాన్ని అర నిమిషంలో నమ్మేశారు. నాకే మనసొప్పలేదు. సరిహద్దుల జాబితాలో మిగతా మడుల వరసలు ఇంకా ఉన్నాయి కదా. వాటి పక్కన ఎవరి మడి ఉందో అందులో చూసి, నీలమ్మ చెప్పిన పేర్లతో సరిపోల్చాను. సాయంత్రం దాకా పట్టింది. పదకొండులో ఒక్కటి కూడా తప్పలేదు.

ఆ మడులను చుక్కల గీతతో వేరుగా చూపించి, "జాబితా, వాంగ్మూలముల ప్రకారము" అని పక్కన రాయించాం. మర్నాడు మృణాళిని గారి ల్యాబులో గది చీకటి చేసి టార్చి వేశారు. అరచేతి వెడల్పు గాజులో డెబ్బై రెండు మడులు పచ్చగా, నీళ్ళు పెట్టిన నారుమళ్ళలా వెలిగాయి. మృణాళిని గారు ఒక్కో పేరూ చదువుతోంది. "సూరాడ పోలమ్మ" అనేసరికి నీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాయమ్మమ్మ పేరు ఎవలైనా సదవగా ఇన్లేదు నాను. మీరిద్దరే" అంది.

ఆగస్టులో విచారణకు నేనూ వెళ్ళాను. విచారణాధికారి గాజును పైకెత్తి వెలుతురుకు పెట్టి చూశారు. "ఇందులో ఏమీ లేదేమిటి?"

"కర్టెన్లు వేయించండి సార్" అన్నాను.

గదిలో మడులు వెలిగాయి. రొయ్యల చెరువుల తరఫు వకీలు కూడా ముందుకు వంగి చూశాడు. అధికారి గారు గాజును బల్ల మీద పెట్టి, "చాలా బాగుంది. దీని జిరాక్సు ఒకటి ఫైలుకి పెట్టండి" అన్నారు. ఫోటో తీయించి కాగితం మీద అచ్చువేయించి పెట్టాం. ఇరవై రోజులకు తీర్పు వచ్చింది. ఆ నేల బంజరు కాదనీ, డెబ్బై రెండు కుటుంబాలదనీ.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ మా డైరెక్టరు గారికి ఇప్పుడు కొలిమి మీద మనసు పడింది. భాండాగారం పక్కనే సవరణల కొలిమి వెలిసింది. భయం పోయింది కాబట్టి మా వాళ్ళు పొద్దున్న రాసిన గాజును మధ్యాహ్నం చెరిపి, సాయంత్రం మళ్ళీ రాస్తున్నారు. సెప్టెంబరులో కొత్త ఉత్తర్వు: "ప్రతి గాజును ఏటా ఒకమారు కొలిమి యెదుట హాజరుపరచి, కొనసాగింపునకు తగిన కారణములు చూపవలెను. చూపని యెడల చెరిపివేయబడును."

చిత్తు ప్రతి నేనే రాశాను. రాసి, సంతకానికి పైకి పంపి, కొయ్యదిబ్బ గాజును మెత్తటి గుడ్డలో చుట్టాను. నీలమ్మకు కబురు పెట్టాను. "భద్రత దృష్ట్యా సదరు గాజు మూలమును హక్కుదారుల సంరక్షణలో ఉంచడమైనది" అని రసీదు రాసి, కింద సంతకం చేశాను. పైవారి అభిప్రాయం కోరలేదు. ఇరవై ఏడేళ్ళలో అలా చేయడం అదే మొదలు.

నీలమ్మ గాజును రెండు చేతులా పట్టుకుంది.

"దీన్ని జాగ్రత్తగా చూసుకోవాలమ్మా. నీళ్ళు తగిలినా ఫర్వాలేదు, చెద పట్టదు. నిప్పుకి మాత్రం దూరంగా ఉంచాలి. మీరు ఉప్పు వండే పొయ్యి దగ్గర పెట్టకండి" అన్నాను.

ఆవిడ నావైపు జాలిగా చూసింది. "ఉప్పుకి పొయ్యేటి బాబూ? సముద్రం నీలు పెట్టి ఊరుకుంటాం. ఎండే సేత్తాది" అంది. గాజును ఒడిలో కట్టుకుని, రైలు టైమయిందని లేచింది.